పదకొండో పిల్ల

కొండలరావు పాముపిల్లను తోక దగ్గర పట్టుకుని ట్యాంకు సిమెంటు గట్టుకేసి ఒక్క దెబ్బ కొట్టాడు. రెండో దెబ్బ అవసరం లేకపోయింది. మిగతా మూడింటినీ అలాగే కొట్టాడు. పనయ్యాక గట్టుమీద బకెట్టు నీళ్ళు కుమ్మరించి, చేతులు లుంగీకి తుడుచుకుంటూ, "అయిపోయింది రేవతీ. ఇంక ఇటు తిరుగు," అన్నాడు.

రేవతి తిరగలేదు. గట్టుమీంచి ఎర్రగా కారిన నీళ్ళు తన చెప్పుల కిందకి వచ్చేదాకా గోడవైపే చూస్తూ నిలబడి, అప్పుడు పక్కకి జరిగింది.

చావులు ఆమెకి కొత్తేమీ కాదు. గిలకలదిండిలో పుట్టి పెరిగింది. తల్లి పేరు తాతమ్మ. ఆవిడ రేవు వేలంలో చేపలు పాడుకుని, గంపకెత్తుకుని బందరు వీధుల్లో అమ్మి కూతుర్ని జువాలజీ డిగ్రీ దాకా చదివించింది. ఆ చదువుతో రేవతి మంగినపూడి దారిలో ఉప్పునేలల మధ్య ఉన్న రొయ్యపిల్లల హేచరీలో చేరింది. మైక్రోస్కోపు కింద పిల్లని చూసి జబ్బుందో లేదో చెప్పడం ఆమె పని. జబ్బుందని ఆమె అంటే ట్యాంకు మొత్తానికీ బ్లీచింగ్ పౌడరు కొట్టేసేవారు. పొద్దున్న టీ తాగేలోపు లక్షల పిల్లలు తెల్లబడి అడుగుకి చేరేవి. ఆ టీ ఆమెకి ఏనాడూ చేదుగా అనిపించలేదు. ఈ నాలుగు మాత్రం వేరు. వీటికి మొహాలున్నాయి. ఒకదానికి కళ్ళు లేకపోయినా, వేలు దగ్గర పెడితే నాలుక చాపి మొహం ఇటే తిప్పేది.

రొయ్యలకి వైట్ స్పాట్ జబ్బు తగిలి చెరువులు పడావు పడ్డాక హేచరీ మూతపడింది. యజమాని గోవర్ధనరావుది గుడివాడ. ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. 2001లో మద్రాసులో ఎవరింట్లోనో తెల్లటి ఒంటిమీద పసుపు మచ్చలు, ఎర్రటి కళ్ళూ ఉన్న విదేశీ కొండచిలువను మెడలో వేసుకుని ఫొటో దిగాడు. ఆ నెల తిరక్కుండానే ఎదిగిన జంటనొకదాన్ని దళారీ చేత దొంగచాటుగా తెప్పించాడు. హేచరీలో హీటర్లున్నాయి, జనరేటరుంది, గదులున్నాయి, గుడ్లు పొదిగించడానికి ఇంకేం కావాలన్నాడు. ఇంట్లో కూర్చున్న రేవతిని మళ్ళీ పిలిపించాడు. నాగాయలంక అవతల చెరువులకి కాపలా ఉంటూ, వలలో పడ్డ పాముల్ని ఉత్త చేతుల్తో తీసి పారేసే కొండలరావును ఆమెకి తోడిచ్చాడు.

"బెజవాడలో, హైదరాబాదులో కుక్కల్ని పెంచి పెంచి విసుగెత్తినవాళ్ళు బోలెడంతమంది. వాళ్ళ పిల్లలకి ఇలాంటివే కావాలిప్పుడు," అన్నాడు గోవర్ధనరావు.

ఆ జంట రెండూ ఒకే తల్లి ఒకే విడతలో పెట్టిన గుడ్లలోవని దళారీ మాటల్లో బయటపడింది. రేవతి ఆ సంగతి గోవర్ధనరావు చెవిన వేసింది.

"అన్నాచెల్లెళ్ళండీ అవి. జతకట్టిస్తే పిల్లలకి లోపాలొస్తాయి."

"పాములకి వావివరసలేంటమ్మాయ్?" అని ఆయన నవ్వాడు. "రెండూ తెల్లవైతేనే పుట్టినవన్నీ తెల్లగా పుడతాయి. జనం అడిగేది ఆ తెలుపునే."

మొదటి ఏడు ఇరవయ్యారు గుడ్లలో పందొమ్మిది పిల్లలయ్యాయి. రెండింటికి వెన్ను వంచిన తీగలా ఉంది. ఒకదానికి కళ్ళు లేవు. ఇంకొకదానికి కింది దవడ సగమే ఉంది. లోపాలున్నవి తీసెయ్యమని గోవర్ధనరావు ఫోనులో చెప్పాడు. తీసెయ్యడమంటే ఏమిటో రేవతికి ఆ రోజు తెలిసింది. మళ్ళీ జతకట్టించొద్దని ఆమె చెప్పింది. ఆయన ఊఁ అన్నాడు. చలికాలం రాగానే రెండింటినీ ఒకే గదిలోకి తోలించాడు. రేవతి ఉద్యోగం మానలేదు. గుడ్లని తడి ఇసకలో పేర్చి, వేడి సరిచూసి, రెండు నెలల తర్వాత పెంకు చీల్చుకుని తెల్లటి ముక్కు బయటికొచ్చే రోజు కోసం ఎదురుచూడటం ఆమెకి ఇష్టమైపోయింది. అది ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

రెండో ఏడు ఇరవయ్యొక్క పిల్లలు వచ్చాయి. రేవతి ఒక్కోదానికీ నంబరు కాగితం రాసి ఒక్కో డబ్బాలో పెట్టింది. ఈసారి వెన్నులు బాగానే ఉన్నాయి, తలలే బాగాలేవు. ఆరు పిల్లలు తల ఎత్తితే చాలు, మెడ తాడు పేనినట్టు మెలితిరిగి, గడ్డం పైకొచ్చి, కప్పు వంక చూస్తూ ఉండిపోయేవి. ముందు ఎలుకపిల్లని పెడితే గాలిని కరిచేవి.

పదకొండో నంబరు పిల్లకి అంత లేదు. మామూలప్పుడు నిలకడగానే ఉండేది. ఆకలి మీద ఉన్నప్పుడు మాత్రం తల అటూ ఇటూ ఊగేది, మొదటి కాటు గురి తప్పేది. రేవతి మూడు వారాలు చూసింది. దానికీ అదే జబ్బు, అనుమానం ఏమీ మిగల్లేదు.

కొండలరావు గోనెసంచీతో వచ్చి, "ఎన్ని?" అని అడిగాడు.

"ఆరు."

"పదకొండోది?"

"అది బాగానే ఉంది బాబాయ్."

కొండలరావు ఆ డబ్బా వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు. ఆరింటిని సంచీలో వేసుకుని గట్టు దగ్గరికి వెళ్ళాడు. రేవతి లెక్కపెట్టకూడదనుకుంటూనే ఆరు దెబ్బలూ లెక్కపెట్టింది.

పదకొండో పిల్లను గుడివాడ రైసుమిల్లు యజమాని బసవపున్నయ్య కొన్నాడు. కూతురు లహరికి అప్పుడు పన్నెండేళ్ళు. చుడీదారు చేతిమీదుగా పాము భుజానికి పాకుతుంటే ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. దాని తల ఊగడం కొనడానికి వచ్చినవాళ్ళలో ఆ పిల్లే ముందు కనిపెట్టింది.

"ఇది ఇలా ఎందుకు చేస్తోందండీ?"

"నిన్ను చూసి మురిసిపోతోందమ్మా," అన్నాడు గోవర్ధనరావు.

లహరి రేవతి వంక చూసింది. రేవతి, "చేత్తో మేత పెట్టకూడదమ్మా. పొడుగు పటకారుతోనే పెట్టాలి," అని చెప్పి ఊరుకుంది.

రెండున్నరేళ్ళు గడిచాయి. హేచరీలో ఏటా గుడ్లు పెట్టించడం ఆగలేదు. 2006 ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో ఏం జరిగిందో రేవతికి తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది.

పాము అప్పటికి పదడుగులు పెరిగింది. దానికోసం మిద్దెమీద ఇనప జాలీ గది కట్టించారు. లహరి పటకారుతో చచ్చిన కోడిని లోపలికి అందించింది. పాము తల తిప్పుకుంటూ వచ్చి రెండుసార్లు గాలిని కరిచింది. మూడోసారి లహరి మోచేతి కింద పట్టుకుంది. పట్టుకున్నది కోడి కాదని తెలిశాక వదలాల్సింది. వదల్లేదు. తల ఒకపక్కకి మెలితిరుగుతూనే ఒళ్ళు పిల్ల మీదకి ఎక్కింది. ఒక చుట్టు చేతికి, ఒక చుట్టు ఛాతీకి, ఇంకో చుట్టు మెడకి పడింది. తల్లి పుష్పావతి కేకలకి కింద ఉన్న బాబాయి శివరామయ్య కొబ్బరిబొండాల కత్తి పట్టుకుని మెట్లెక్కాడు. పిల్ల మొహం అప్పటికే నల్లబడింది. శివరామయ్య దొరికినచోటల్లా నరికాడు. చుట్లు సడల్లేదు. నాలుగో దెబ్బకో అయిదో దెబ్బకో పాము వెన్నుతోపాటు లహరి ఎడమచేతి రెండు వేళ్ళు తెగి కిందపడ్డాయి. తల తెగాక కూడా ఆ ఒళ్ళు బిగుసుకునే ఉంది. మిల్లులోంచి నలుగురు హమాలీలు వచ్చి తోకవైపు నుంచి విప్పుకుంటూ వస్తేగాని పిల్లకి ఊపిరి అందలేదు. మెడ కింద కంటెముక విరిగింది. కళ్ళల్లో తెల్లగుడ్డు కనపడకుండా రక్తం కమ్మింది. బెజవాడ ఆస్పత్రిలో రెండోరోజుకి తెలివొచ్చింది.

మూడోరోజు మధ్యాహ్నం మిల్లు లారీ హేచరీ ముందు ఆగింది. బసవపున్నయ్యతో పదిమంది దిగారు. కొండలరావు గేటుకి గొలుసు వేసి, "సారు లేరండీ. వచ్చాక మాట్లాడుకుందురుగాని," అన్నాడు. గొలుసు తెగడానికి ఎంతోసేపు పట్టలేదు. రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డ కొండలరావు కుడిచేతిమీద గడ్డపార దిగింది. ఎముక విరిగిన చప్పుడు లోపలున్న రేవతికి వినిపించింది. కిందపడ్డాక డొక్కలో తన్నారు.

జాలీలు పీకారు. పాముల్ని తోకలు పట్టి బయటికి ఈడ్చారు. కొన్నింటిని గడ్డపారలతో పొడిచారు, కొన్నింటిని కాలవ తవ్వే పారలతో నరికారు. ఏడాది పిల్లలు గోడల వెంట పాకుతుంటే చెప్పులకాళ్ళతో తల తొక్కి చంపారు. మంచివీ చెడ్డవీ అని ఎవరూ చూడలేదు. సంగతి తెలిసింది రేవతి ఒక్కదానికే, ఆమెని ఎవరూ అడగలేదు. పెద్ద ఆడపాముని ఇద్దరు అదిమిపట్టగా మూడోవాడు కడుపు పొడుగునా చీల్చాడు. ఇంకా పెంకు గట్టిపడని గుడ్లు, పసుప్పచ్చగా ముద్దముద్దగా సిమెంటు మీదకి జారాయి. పాము నోరు తెరిచి మూస్తూనే ఉంది. రేవతి వెళ్ళి ఆ చీల్చినవాడి చేతిలోంచి పార లాక్కుని, పాము మెడమీద తనే ఒక్క పోటు పొడిచింది. దాని నోరు ఆగింది.

బసవపున్నయ్య అప్పుడు ఆమెని చూశాడు.

"ఆ పాముకి పిచ్చి ఉందని మీలో ఎవరికి తెలుసు?" అని అడిగాడు. గొంతు పెద్దది చేయలేదు.

గేటు దగ్గర మట్టిలో పడి ఉన్న కొండలరావు, "ఎవరికీ తెలీదండీ," అన్నాడు.

"నాకు తెలుసండీ," అంది రేవతి.

"ఏం తెలుసు?"

"పుట్టిన మూడు వారాలకే తెలుసు. తల తిరిగేవాటిని ఆరింటిని చంపారండీ. అది ఏడోది. చంపించలేక బాగుందని చెప్పాను."

ఆయన ఆమె మొహంమీద చెయ్యి వెనక్కి తిప్పి కొట్టాడు. ఉంగరం తగిలి పైపెదవి చిట్లింది. రెండో దెబ్బకి ఆమె గోడకి గుద్దుకుంది. ఒక పన్ను నాలుకమీదకి వచ్చింది. "చంపలేక నా ఇంటికి పంపావా?" అన్నాడు. ఆమె జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. "నా కూతురు అడిగింది నిన్ను. తల ఎందుకు ఊగుతోందని నీ మొహంలోకి చూసి అడిగింది." మళ్ళీ కొట్టాడు. ఆమె చేతులు అడ్డం పెట్టుకోలేదు. ఆయన కింద ఉన్న గడ్డపార కోసం వంగినప్పుడు సత్యానందం అనే ముసలి హమాలీ ఆ గడ్డపారమీద కాలు పెట్టాడు.

"చాలండి బాబూ. పాపాయి దగ్గరికి వెళ్దాం పదండి."

బసవపున్నయ్య కాసేపు అలాగే వంగి ఉన్నాడు. తర్వాత లేచి, నెత్తురు తొక్కుకుంటూ లారీ దగ్గరికి నడిచాడు.

నెలన్నర తర్వాత, పెదవి కుట్లు విప్పాక, గోవర్ధనరావు ఫోను చేశాడు. రేవతి అప్పటికి తల్లితోపాటు రేవులో చేపలకి ఐసు కొట్టే పనికి వెళ్తోంది.

"బసవపున్నయ్యతో పెద్దమనుషుల్లో సర్దుబాటు అయిపోయింది. నీమీద ఏ కేసూ లేదు. ఒకసారి దివిసీమ రావాలి నువ్వు."

"ఎందుకండీ?"

"వచ్చాక చెబుతాను."

"పాముల కూడు ఇంక మనకొద్దే," అంది తాతమ్మ. అయినా రేవతి పొద్దున్నే అవనిగడ్డ బస్సెక్కింది.

కోడూరు దారిలో గోవర్ధనరావు చెరువుల గట్టుమీద రేకుల షెడ్డు ఉంది. కొండలరావు చేతికి కట్టుతో తలుపు తీశాడు. ఆమె మొహం చూసి తల దించుకున్నాడు. లోపల పెద్ద మగపాము చుట్ట చుట్టుకుని ఉంది. ఆ రోజు వెనక గదిలో ఉండి ఎవరి కంటా పడకుండా బతికింది. దాని పక్కనే, దాని ఒళ్ళుమీద ఒళ్ళు వేసి, ఎదుగుదల తక్కువైన చిన్న ఆడపాము ఉంది. మొదటి ఏడు పుట్టినవాటిలో అమ్మకుండా ఉంచిన ఒకే ఒక్కటి అది. శివరాత్రి ఊరేగింపులో చూపించడానికని అప్పుడు ఎవరో తీసుకెళ్ళడంతో అదీ బతికిపోయింది.

"తండ్రీ కూతురూ," అన్నాడు గోవర్ధనరావు కుర్చీలో కూర్చుంటూ. "మళ్ళీ మొదట్నించి మొదలుపెడదాం. ఈసారి బాగున్నవే అమ్ముదాం. ఏది బాగుందో ఏది లేదో నువ్వు చెప్పు, నీ మాటే మాట. పోయినసారి తప్పు నీదేనని నేను ఎక్కడా అనలేదు, గుర్తుంచుకో."

"బాగున్నవాటిలో కూడా ఆ జబ్బు ఉంటుందండీ. పైకి కనపడదు అంతే. వాటి పిల్లల్లో బయటపడుతుంది."

"కనపడనిదాంతో ఎవరికి నష్టం?"

ఇలాంటి మాట వస్తుందని అనుకునే తను వచ్చిందని రేవతికి అప్పుడు అర్థమైంది. మూల నిలబెట్టి ఉన్న గడ్డపార తీసుకుని జాలీ తలుపు తెరిచి లోపలికి వెళ్ళింది. మగపాము తల ఎత్తింది. అయిదేళ్ళు ఆమె చేతి వాసన తెలిసిన జంతువు. నాలుక ఆమె మణికట్టుకి తగిలింది. ఆమె దాని తల నేలకి ఆనేదాకా ఆగి, రెండు చేతులతో గడ్డపార ఎత్తి కళ్ళ మధ్య దించింది.

పన్నెండడుగుల ఒళ్ళు ఒక్కసారిగా విరుచుకుపడి ఆమె కాళ్ళని గోడకి కొట్టింది. ఆమె పడిపోయి, మోకాళ్ళ మీద లేచి మళ్ళీ పొడిచింది. గోవర్ధనరావు అరుస్తూ లోపలికి వచ్చి పార కర్రతో ఆమె వీపుమీద కొట్టాడు. పక్కటెముక దగ్గర ఏదో కలుక్కుమంది. ఆమె మూడోసారి పొడిచింది. ఆయన ఇంకో దెబ్బకి చెయ్యెత్తినప్పుడు కొండలరావు వెనకనుంచి ఎడమచేతిని ఆయన మెడచుట్టూ వేసి బయటికి లాగాడు. ఇద్దరూ తడి నేలమీద పడ్డారు. కొండలరావు ఆయన ఛాతీమీద మోకాలు పెట్టి, విరిగిన చెయ్యి కింద నలిగి మూలుగుతూనే, "కదలకండి బాబూ. రేవతి పని అవనివ్వండి," అన్నాడు.

మగపాము చచ్చింది. ఒళ్ళు ఇంకా అలలు అలలుగా కదులుతోంది. రేవతి ఊపిరి తీసుకోలేక గోడకి చేరగిలబడింది. ఆడపాము మూలకి నక్కి తల ఎత్తి చూస్తోంది. ఆ తల మెల్లగా ఒకపక్కకి ఒరిగి, మెలితిరిగి, మళ్ళీ సర్దుకుంది. ఇన్నేళ్ళూ దానికి ఆ జబ్బు లేదు. ఇప్పుడు మొదలైంది.

"దాన్నీ కానిచ్చెయ్," అన్నాడు కొండలరావు బయటినుంచి.

రేవతి గడ్డపార వంక చూసుకుంది. పదకొండో పిల్లను చంపకుండా వదిలెయ్యడం గుర్తొచ్చింది. అది తప్పు కాదేమో అనిపించింది. బతకనివ్వడం కాదు, ఇంకొకళ్ళ చేతిలో పెట్టి నోరు మూసుకోవడమే తప్పనిపించింది.

"ఇది నాతో వస్తుంది బాబాయ్. దీనికి మగతోడు ఉండదు, కొనేవాడూ ఉండడు."

"నా పాము," అన్నాడు గోవర్ధనరావు కిందనుంచే. "దొంగతనం కేసు పెడతాను."

"పెట్టండి. ఇవి ఎక్కణ్ణుంచి వచ్చాయో, ఏవి ఎందుకు చచ్చాయో అన్నీ అక్కడే చెబుతాను."

ఆయన కేసు పెట్టలేదు. కొండలరావు ఆ సాయంత్రమే మూట సర్దుకుని నాగాయలంక వెళ్ళిపోయాడు. ఆ చెయ్యి మళ్ళీ నిటారుగా అతుక్కోలేదు.

పక్కటెముక విరిగిన ఒంటితో, కాళ్ళ దగ్గర గోనెసంచీ పెట్టుకుని రేవతి బస్సులో ఇంటికి వచ్చింది. తాతమ్మ సంచీ మూతి విప్పి చూసి, మళ్ళీ బిగించి కట్టింది.

"ఎన్నాళ్ళు బతుకుద్దే ఇది?"

"ఇరవయ్యేళ్ళు బతకొచ్చు."

"అయితే వెనక గదికి ఇనప తలుపు పెట్టించాలి," అంది తాతమ్మ, లేచి పొయ్యి దగ్గరికి వెళ్తూ.

వేసవి సెలవుల్లో రేవతి గుడివాడ వెళ్ళింది. బసవపున్నయ్య ఇంట్లో లేడని తెలుసుకునే వెళ్ళింది. పుష్పావతి ఆమెని గుమ్మంలోనే ఆపి, మొహంమీద మచ్చ చూసి, ఎవరో పోల్చుకుంది. తలుపు వేసెయ్యబోతుంటే లోపలినుంచి లహరి, "రానివ్వమ్మా," అంది.

లహరి మంచంమీద కూర్చుని ఉంది. పొడుగుచేతుల జాకెట్టులోంచి మూడు వేళ్ళ చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. గొంతు బొంగురుపోయింది.

"మీకు తెలుసని నాన్న చెప్పారు."

"తెలుసమ్మా. నువ్వడిగినప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు."

లహరి కిటికీ వైపు చూసింది. "తల తిరిగేటప్పుడు దానికి నొప్పిగా ఉండేదా?"

"నాకు తెలీదమ్మా. ఎవరికీ తెలీదు. ఉండేదేమోనని భయం నాకు."

"నేను రోజూ చూసేదాన్ని. ఆటనుకునేదాన్ని," అంది లహరి. మంచం అంచుకి జరిగి, "ఇంకా ఏమైనా మిగిలాయా?" అని అడిగింది.

"ఒకటి. మా ఇంట్లో ఉంది."

"తల తిప్పుతుందా?"

"తిప్పుతుంది. రోజురోజుకీ ఎక్కువవుతోంది. ఏదీ పట్టుకోలేకపోతోంది. మేత నోట్లో పెట్టి మింగించాల్సి వస్తోంది."

"మింగలేని రోజు వస్తే?"

"నేనే చంపుతాను."

పుష్పావతి గుమ్మంలో నిలబడి వింటోంది. "ఇంక వెళ్ళమ్మా," అంది. గొంతులో కోపం కూడా మిగల్లేదు. రేవతి లేచింది. లహరి తలెత్తకుండా, "చంపేముందు నాకు కబురు చెయ్యండి," అంది.

చెయ్యననీ చేస్తాననీ అనకుండా రేవతి మెట్లు దిగింది. వీధి మలుపు దాటాక ఆగి, వెనక్కి వచ్చి, మెట్ల కిందనుంచే, "చేస్తాను లహరీ," అని చెప్పి, బస్టాండు వైపు నడిచింది.